విరగ్గొట్టడమే నా ఉద్యోగం

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నా ఉద్యోగం గురించి ఒకటే మాట: "విరగ్గొట్టినందుకు వీడికి జీతం ఇస్తారు." కాదనలేను. వరంగల్ ఆర్ఈసీలో (ఇప్పటి ఎన్ఐటీ) మెకానికల్ పూర్తిచేసి బెంగళూరు చేరింది మొదలు రిటైరయ్యేదాకా కార్బన్ ఫైబర్ విమాన భాగాలను లాగడం, వంచడం, చివరికి విరిచి చూడటం, ఇదే నా పని.

మన స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబులో యూటీఎం (లాగి, నొక్కి బలం కొలిచే యంత్రం) మీద మైల్డ్ స్టీల్ కడ్డీ లాగిన రోజులు గుర్తున్నాయా? తెగే ముందు దాని నడుము సన్నబడుతుంది, గ్రాఫు వంగుతుంది. కాంపోజిట్‌కు, అంటే కార్బన్ ఫైబర్ పొరలను రెసిన్‌తో అతికించి చేసే పదార్థానికి, ఆ మర్యాద తెలీదు. గ్రాఫు దాదాపు తిన్నగా పైకి పోతుంది, లోపల ఎక్కడో చిటపటలు వినిపిస్తాయి, ఫట్! అంతే.

మన యుద్ధ విమానం తేజస్ 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది. దాని బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్లే. ఇలాంటి విమానం గాల్లోకి లేవాలంటే ముందు అరచేతిలో పట్టే కూపన్లు, అంటే పరీక్ష కోసం చేసిన నమూనా ముక్కలు, వందల్లో తెగాలి. తర్వాత జాయింట్లు, ప్యానెళ్ళు, ఆఖరికి మొత్తం రెక్క. కొన్ని కూపన్లను వేడి, తేమ ఉన్న ఛాంబర్లో పెట్టి, నీరు పీల్చి బరువు పెరగడం ఆగేదాకా తూకం వేస్తూ కూర్చోవాలి. నెలలు పడుతుంది. అంత విసుగు పని మరొకటి లేదు.

అసలు భయం దెబ్బలతో. మెకానిక్ చేతిలోంచి స్పానర్ జారిపడితే అల్యూమినియం సొట్టపోతుంది, అందరికీ కనిపిస్తుంది. కాంపోజిట్ పైన చిన్న మచ్చ కూడా సరిగా కనబడదు, లోపల మాత్రం పొరలు విడిపోయి ఉంటాయి. నొక్కుడును తట్టుకునే బలం సగానికి పడిపోవచ్చు. అందుకే మేమే కావాలని బరువు జారవిడిచి, ఆ దెబ్బతోనే పరీక్షిస్తాం. అల్ట్రాసోనిక్ స్కానర్లు ఎన్ని వచ్చినా, సంతలో కుండ కొనేటప్పుడు చేసినట్టు రూపాయి బిళ్ళతో తట్టి చూడటం నేను మానలేదు. బాగున్నచోట ఖంగుమంటుంది, పొర లేచినచోట మొద్దుగా పలుకుతుంది.

ప్రయాణికుల విమానాల నిబంధన ప్రకారం సర్వీసులో రాగల గరిష్ఠ లోడుకు ఒకటిన్నర రెట్లు వేసినా నిర్మాణం కనీసం 3 సెకన్లు నిలవాలి. ఆ మూడు సెకన్ల టెన్షన్ ముందు మన వైవా ఎంత! అది దాటాక విరిగేదాకా లోడు పెంచే పరీక్షలూ ఉంటాయి. లెక్క చెప్పినచోటే, చెప్పిన లోడుకు దగ్గర్లో విరిగిందా, ఆ సాయంత్రం క్యాంటీన్లో స్వీట్లు. ఇంకోచోట విరిగితే, ఎక్కువ మోసి విరిగినా సరే, మర్నాటి నుంచి డిజైన్ వాళ్ళతో మీటింగులే మీటింగులు.