నవ్వుతున్నాయన ఎవరమ్మా?

మేముండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. మనవాళ్లకి ఈ ఊరంటే ఓక్ ట్రీ రోడ్డు, ఇడ్లీ పిండి, నగల కొట్లు. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నా ఊరికి ఆ పేరు ఎందుకొచ్చిందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. పోయిన చలికాలం మా పెద్దదానికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు, వందేళ్లు దాటిన అమెరికన్ పాట ఒకటి పట్టుకుని దాని కథ చెప్పాలి. ఆ వంకన పిల్లలిద్దర్నీ తీసుకుని మెన్లో పార్క్ వెళ్లాం, మా ఇంటి నుంచి పది నిమిషాలు. 1877లో ఎడిసన్ మనిషి గొంతును మొదటిసారి యంత్రంలో పట్టుకుని మళ్లీ వినిపించింది అక్కడే.

నాకు చాలాకాలంగా ఒక బెంగ ఉంది. మా పిల్లలకి తెలుగు పాటల్లో పల్లవి ఒక్కటే వస్తుంది. ఏ పాటైనా రెండు లైన్లు పాడి ఆగిపోతారు, చరణం రాదు. ఇక్కడ పుట్టారు కాబట్టి ఇలా అయిందని, అక్కడే ఉండుంటే అన్నీ వచ్చేవని అనుకునేదాన్ని. ఈ దేశం పిల్లలకి మాత్రం వాళ్ల పాటలు వాళ్ల ఇళ్లలో పదిలంగా ఉంటాయని కూడా అనుకునేదాన్ని.

అలా ఏమీ లేదు. బేస్‌బాల్ ఆటలో ఏడో ఇన్నింగ్స్ మధ్యలో స్టేడియం అంతా లేచి నిలబడి పాడే పాట ఉంది కదా, "టేక్ మీ అవుట్ టు ది బాల్ గేమ్", 1908 నాటిది. దానికి చరణాలున్నాయని మా అమ్మాయి చెబితే క్లాసులో ఎవరికీ తెలియదట. అసలు కథంతా చరణాల్లోనే ఉంది. కేటీ కేసీ అని ఒకమ్మాయి, నాటకానికి తీసుకెళ్తానని అబ్బాయి వస్తే, వద్దు, నన్ను ఆటకి తీసుకెళ్లు అంటుంది. అందరూ పాడేది ఆ పిల్ల అన్న మాటనే, కానీ ఆ పిల్ల ఎవరో ఎవరికీ గుర్తులేదు.

మా అమ్మాయి మొదట ఎంచుకున్నది 1892 నాటి "ఆఫ్టర్ ది బాల్". రాసినాయన చార్లెస్ హారిస్, మిల్వాకీలో ఉండేవాడు, స్వరలిపి రాయడం రాదు, పాడుతుంటే ఇంకొకరు రాసిపెట్టారు. అప్పట్లో హిట్ పాట అంటే ప్లేటు కాదు, కాగితం. పాట అచ్చేసిన కాగితాలు కొనుక్కెళ్లి ఇంట్లో పియానో మీద వాయించుకునేవాళ్లు. ఈ ఒక్క పాట కాగితాలే 50 లక్షలకు పైగా అమ్ముడుపోయాయంటారు. కథ విన్నారంటే మీరూ ఆశ్చర్యపోతారు. ఒక చిన్నపాప ముసలాయన ఒళ్లోకెక్కి, మీరు పెళ్లెందుకు చేసుకోలేదని అడుగుతుంది. తను ప్రేమించిన అమ్మాయిని ఇంకొకడు ముద్దు పెట్టుకోవడం చూశానని, ఆమె చెప్పబోతున్నా వినకుండా వదిలేశానని, అతను ఆమె తోడబుట్టినవాడేనని తర్వాతెప్పుడో తెలిసిందని, ఆమె ఇప్పుడు లేదని ఆయన చెబుతాడు. వీడియో కాల్‌లో మా అమ్మకి ఈ కథ చెబితే, "ఇది మన పాత సినిమా కథే కదే" అంది, కళ్లు తుడుచుకుంటూ. నూట ముప్ఫై ఏళ్ల కిందటి అమెరికా పాటకి తెనాలిలో ఒకావిడ ఏడ్చింది!

కానీ చివరికి మా పిల్ల రాసింది దాని గురించి కాదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు శాంటా బార్బరాలో పాత మైనపు సిలిండర్లను, అంటే ప్లేట్లు రాకముందు పాటలు రికార్డు చేసిన గొట్టాలను, వేల సంఖ్యలో డిజిటైజ్ చేసి అందరికీ ఉచితంగా పెట్టారు. ఆ కాలం పాటల కోసం ఒక రాత్రి వెతుకుతుంటే జార్జ్ డబ్ల్యూ. జాన్సన్ పాడిన "లాఫింగ్ సాంగ్" దొరికింది. గరగరమనే చప్పుడు వెనకాల ఒక మగగొంతు పాడుతూ పాడుతూ పగలబడి నవ్వుతుంది, అదీ రాగంలో, తాళం తప్పకుండా. మా చిన్నాడు నవ్వాపుకోలేక సోఫా మీద నుంచి జారిపోయాడు, నేనూ నవ్వాను. పెద్దది మాటలు చదివి గమ్మున అయిపోయింది.

వీధి మలుపు తిరుగుతుంటే జనం తనని చూసి ఏమన్నారో పాడుతున్నాడు ఆయన. ఒంటి రంగుని ఏమన్నారు, నోటిని ఏమన్నారు, పాదాలని ఏమన్నారు, అన్నీ చెప్పి నవ్వుతున్నాడు.

జాన్సన్ నల్లజాతివాడు, వర్జీనియాలో బానిసగా పుట్టాడు. న్యూయార్క్ ఫెర్రీల దగ్గర చిల్లర కోసం పాడుతూ ఈల వేస్తుంటే రికార్డుల కంపెనీవాళ్లు 1890లో పిలిచారు. అప్పటికి మైకుల్లేవు, గరాటులాంటి హారన్లోకి గట్టిగా పాడాలి. ఒక సిలిండర్ నుంచి వేల కాపీలు తీసే పద్ధతి ఇంకా రాలేదు. మూడు నాలుగు యంత్రాలు ముందు పెడితే ఒక్కసారి పాడినందుకు వచ్చేవి ఆ మూడు నాలుగే. అందుకని అదే పాట, అదే నవ్వు, రోజుకి యాభైసార్లు కూడా పాడేవాడట. పాటకి ఇరవై సెంట్లు. కాపీలు తీయడం వచ్చాక ఆయనతో పని తగ్గిపోయింది, 1914లో పేదరికంలోనే పోయాడు.

"ఆయన నిజంగా నవ్వుతున్నాడా అమ్మా?" అని అడిగింది.

నాకు జవాబు తెలియలేదు, తెలియదనే చెప్పాను. ఇలాంటివి పిల్లలకి వినిపించకూడదని ఆ రాత్రి మావారు అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది, స్కూల్లో మన పిల్లల రంగు గురించీ మాటలు వస్తుంటాయి. కానీ నాకు ఉన్నదున్నట్టు వినిపించాలనే ఉంది. ఈ దేశాన్ని వాళ్లకి పల్లవి వరకే ఇచ్చి ఊరుకోలేను. బేస్‌బాల్ పాట ఎంత వాళ్లదో ఈ నవ్వూ అంతే వాళ్లది, ఇక్కడే బతకబోయేవాళ్లు కాబట్టి. ఆ కాలం పాటల్లో కొన్నింటిని జనం సహజంగా మర్చిపోయారు, కొన్నింటిని సిగ్గుపడి పక్కన పెట్టేశారు. పాడుకోవడానికి పక్కన పెట్టడం న్యాయమే. అయితే వాటితోపాటు జాన్సన్‌ కూడా మరుగున పడిపోయాడు, అది మాత్రం నాకు న్యాయంగా అనిపించలేదు. మావారితో రెండు రోజులు మాట్లాడాక, టీచర్‌కి ముందే చెప్పి, పిల్ల ఆయన గురించే రాసింది.

ప్రాజెక్టు అయ్యాక తనే అడిగింది, తాతయ్య దగ్గర పాత పాటలేమైనా ఉన్నాయా అని. మా నాన్న కుర్రతనంలో నాటకాలాడిన మనిషి. ఆదివారం పొద్దున ఫోన్లో కృష్ణుడి పద్యం అందుకున్నారు, చివర రాగం తీస్తుంటే డెబ్బై ఎనిమిదేళ్ల ఊపిరి మధ్యలో తెగింది, మళ్లీ అందుకున్నారు. మా అమ్మాయి రికార్డు చేస్తోంది. అయిపోయాక చూసుకుంటే సగమే వచ్చింది. ఇంకోసారి పాడమంటే తాతయ్యకి ఆయాసం వస్తుందేమోనని నసుగుతోంది. ఫోన్లోంచి ఆయనే అందించారు, "ఆ రోజుల్లో పద్యం నచ్చితే జనం ఏమనేవారో తెలుసా తల్లీ?"

చెప్పారు. మా చిన్నాడు కుర్చీ ఎక్కి ఈల వేయబోయి, రాక, గట్టిగా అరిచాడు, "వన్స్ మోర్!"

మా నాన్న మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, మొదటినుంచి ఎత్తుకున్నారు.