శ్యాంబజార్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా ట్రాములో

కలకత్తాలో శ్యాంబజార్ దగ్గర 5వ నంబరు ట్రాము ఎక్కి, డ్రైవరు వెనకే ఉన్న బల్ల మీద కూర్చున్నాను. ఆయన ఒక చేత్తో వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్ పిడిని మెట్టు మెట్టుగా తిప్పుతూ, ఎవరైనా పట్టాలకు అడ్డం వస్తే కాలి కిందున్న మీటను తొక్కి ఠంగుఠంగుమని గంట మోగిస్తున్నాడు. ట్రాము నెత్తిన ఉన్న పొడవాటి కడ్డీ పైతీగ నుంచి 550 వోల్టుల కరెంటు అందుకుంటుంది. ఆ కరెంటు మోటార్లను తిప్పి, చక్రాల మీదుగా పట్టాల్లోకి దిగి వెనక్కి పోతుంది కనుక, పట్టాలు లేకుండా రోడ్డు మీద కరెంటుతో నడిచే ట్రాలీబస్సుకు మల్లే రెండు తీగలు అక్కర్లేదు.

ఈ ఊళ్లో తొలి ట్రామును 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి అర్మేనియన్ ఘాట్ వరకు గుర్రాలు లాగాయి. గిట్టుబాటు కాక అదే ఏడాది నవంబరులో దాన్ని ఆపేశారు. 1880లో లండన్‌లో ఏర్పడిన కలకత్తా ట్రామ్‌వేస్ కంపెనీ మళ్లీ గుర్రాలతోనే మొదలుపెట్టి, మధ్యలో ఆవిరి ఇంజన్లను కూడా పరీక్షించి, 1902లో ఎస్ప్లనేడ్–ఖిదిర్‌పూర్ దారిలో కరెంటు ట్రామును నడిపింది. ఈ ఒక్క విషయంలో మన మద్రాసుదే పైచేయి: అక్కడ 1895లోనే కరెంటు ట్రాము వచ్చింది, కాకపోతే 1953లో మూతపడింది. సరిగ్గా ఆ ఏడాదే కలకత్తాలో రెండో తరగతి టికెట్టు మీద ఒక్క పైసా పెంచినందుకు జనం వీధుల్లోకి వచ్చి, ట్రాములు తగలబెట్టి, ఆ పెంపును వెనక్కి తీయించారు.

కాలేజ్ స్ట్రీట్‌లో పుస్తకాల దుకాణాల మధ్య మా ట్రాము చాలాసేపు కదల్లేదు. ముందు ఒక టాక్సీ, దాని ముందు సరుకుల బండి, రెండూ పట్టాల మీదే నిలబడ్డాయి. పక్కకు తప్పుకోలేని బండి ఏం చేస్తుంది? ట్రాములు నిదానం, ట్రాఫిక్‌కు అడ్డం అన్న మాట నగరంలో తరచూ వినిపిస్తుంది. ఒకప్పుడు చాలా దారుల్లో ట్రాముకంటూ విడిగా ఉన్న పట్టాల చోటును కాంక్రీటు చేసి కార్లకు వదిలేశాక, దాని నిదానాన్ని తప్పుపట్టడం నాకైతే అన్యాయమనిపించింది.

ఎస్ప్లనేడ్–మైదాన్ దారి ఒక్కటి ఉంచి తక్కినవన్నీ ఎత్తేస్తామని 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మైదాన్ పచ్చిక పక్కన షికారు పర్యాటకులకు బాగానే ఉంటుంది గానీ, నాతోపాటు ఎక్కి కాలేజ్ స్ట్రీట్‌లో దిగిన విద్యార్థులను ఆ ట్రాము ఎక్కడికీ చేర్చదు.