పేనుకొరుకుడు అన్న మాట

మొన్న క్రిస్మస్ సెలవులకు మరో రెండు వారాలు కలుపుకొని, సంక్రాంతి దాకా ఉండేలా న్యూజెర్సీ నుంచి రాజోలు దగ్గరి మా ఊరికి వచ్చాము. రెండో రోజున అరుగు మీద కూర్చోబెట్టి మా తొమ్మిదేళ్ళ అమ్మాయికి కొబ్బరినూనె రాస్తున్న మా అమ్మ, చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఉండటం చూసి, "పేనుకొరుకుడే ఇది. అక్కడ పిల్ల తల ఎవరూ చూడట్లేదా?" అన్నది. తెలుగు కొద్దిగానే వచ్చిన మా అమ్మాయికి ఆ మాటలో 'పేను' మాత్రం స్పష్టంగా అర్థమైంది. ఆ రాత్రి, తాను శుభ్రంగా ఉండటం లేదా అని నన్ను ఇంగ్లీషులో అడిగింది.

పేను తల చర్మం నుంచి రక్తం పీలుస్తుంది, దురద పుట్టిస్తుంది. అంతే తప్ప జుట్టును కొరకదు. మనం పేనుకొరుకుడు అని పిలిచేదాన్ని వైద్యులు అలోపేషియా ఏరియేటా అంటారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలే పొరపాటున వెంట్రుక కుదుళ్ళ మీద దాడి చేయడం వల్ల ఇది వస్తుంది కనుక, ఇందులో మురికికీ అంటుకు గానీ పాత్ర లేదు. కుదుళ్ళు చచ్చిపోవు, నిద్రపోయాయనుకో అని మా అమ్మాయికి చెప్పాను.

మర్నాడు పక్కింటి పిన్నిగారు నూరి రాయమని గురివింద గింజలు తెచ్చారు. వాటిలోని అబ్రిన్ తీవ్రమైన విషం. పై పెంకు గట్టిది కాబట్టి గింజగా ఉన్నప్పుడు కొంత అడ్డు ఉంటుంది గానీ, నూరితే ఆ అడ్డూ పోతుంది. నేను వద్దన్నప్పుడు, చిన్నతనంలో మా మామయ్యకు దీనితోనే తగ్గిందని అమ్మ నొచ్చుకున్నది. ఒకటి రెండు చిన్న మచ్చలు చాలామందిలో ఏడాదిలోపు ఏ మందూ లేకుండానే పూడుకుంటాయనీ, మామయ్య విషయంలో ఆ పేరు గింజకు దక్కి ఉంటుందనీ ఆమెకు నచ్చజెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ పూట వృథా అని నేను అనుకోను.

అమలాపురంలో చర్మవైద్యురాలు ముందుగా చూసింది తలలో తామర ఉన్నదేమోనని. పొట్టు రాలడం, వెంట్రుకలు మొదట్లోనే విరిగి నల్లచుక్కల్లా కనిపించడం, మెడ దగ్గర బిళ్ళలు కట్టడం దాని గుర్తులు. తామర ఫంగస్ వెంట్రుక లోపలికి చేరుతుంది కాబట్టి పూతమందులు చాలవు, గ్రిసియోఫల్విన్ లేదా టెర్బినఫిన్ వంటి మాత్రలు వారాల తరబడి వాడాలి. పండక్కి చేరిన పిల్లలంతా ఒకే దువ్వెన వాడే ఇళ్ళలో అది సులువుగా పాకుతుంది. మా అమ్మాయికి ఆ గుర్తులేవీ లేవు, స్టెరాయిడ్ లోషన్ మాత్రం రాసిచ్చారు.

మా అబ్బాయి చుండ్రు సంగతీ అక్కడే తేలింది. చలికాలపు పొడితనమనుకొని నేను వాడి తల నిండా నూనె పట్టించేదాన్ని. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఈస్టు బతికేదే కొవ్వు మీద. 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడిగితే నెలలో తగ్గింది.

అంతర్వేదిలో తలనీలాలు ఇప్పిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని అమ్మ అన్నది. గుండు వల్ల కుదురు మారదు. మా ఊళ్ళో గుండుతో తిరిగే పిల్లను ఎవరూ వింతగా చూడరు గానీ, అక్కడి తరగతి గదిలో ఆ పిల్ల రోజూ జవాబు చెప్పుకోవాలి. అందుకని ఆమెనే అడిగాము. వద్దన్నది. అమ్మ మూడు కత్తెరలతో మొక్కు చెల్లించింది.

మార్చిలో మా అమ్మాయి వీడియో కాల్‌లో తల వంచి, ఆ చోట మొలిచిన సన్నని తెల్ల వెంట్రుకలను చూపించింది. మొదట తెల్లగా వచ్చి తరువాత రంగు తేలడం ఈ జబ్బులో మామూలే. "పేనుకొరుకుడు తగ్గిందే!" అన్నది అమ్మ. "పేను కాదు అమ్మమ్మా, కుదుళ్ళు నిద్ర లేచాయి" అన్నది ఆ పిల్ల, తెలుగులోనే.