నాన్న యెజ్డీకి కొత్త వెనక షాకులు

మైసూరులో యెజ్డీ మోటారు సైకిళ్లు తయారుచేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అందుకే ఈ బండికి మంచి పార్టు దొరికితే మా ఇంట్లో పండగే. నాన్న దగ్గరున్న యెజ్డీ రోడ్‌కింగ్ మోడల్‌కి వెనక షాక్ అబ్జార్బర్ల (కుదుపులు తగ్గించేవి) జత దొరికింది, నిన్న బిగించేశాం.

పాతవాటిలో ఆయిల్ కారిపోయి స్ప్రింగ్ ఒక్కటే పనిచేసేది. గుంతలో పడ్డాక బండి చాలాసేపు ఎగురుతూనే ఉండేది. కొత్తవి బిగించే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి, పై బుష్ (బోల్టు దూరే చోట ఉండే రబ్బరు రింగు) నుంచి కింది బుష్ దాకా పొడవు కొలిచి చూడాలి. తేడా ఉంటే ఆ జత వాడొద్దు. డబుల్ స్టాండ్ వేసి ఒక్కో వైపే మార్చాలి. రెండూ ఒకేసారి విప్పితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) చక్రంతో సహా కిందికి జారిపోతుంది.

నాకు బాగా నచ్చేది చివరి పని. నట్లన్నీ చేత్తో తిప్పి వదిలేశాను. బండిని స్టాండ్ దించి, నాన్నను సీటు మీద కూర్చోమని, అప్పుడు పానాతో గట్టిగా బిగించాను. చక్రం గాల్లో ఉండగా బిగిస్తే, బరువు పడగానే రబ్బరు బుష్‌లు మెలిపడి తొందరగా చిరిగిపోతాయి. స్ప్రింగ్ బిగువు రెండు వైపులా ఒకే మెట్టులో పెట్టాలి. చైన్ లూజు కూడా మళ్లీ చూసుకోవాలి.

నాన్న వెనక సీటు నొక్కి చూశారు. మెల్లగా దిగి, ఒక్కసారే లేచి ఆగింది. "ఇక మీ అమ్మను ఎక్కించుకోవచ్చురా" అన్నారు. ఎంత సంతోషమేసిందో!

పాత షాకులు పారేయలేదు, కంపెనీతో వచ్చినవి కదా. వాటిలో ఆయిల్ సీళ్లు మార్చే మెకానిక్ ఎవరైనా తెలిస్తే చెప్పండి.