బిర్కాలో జంట బ్రోచ్‌లు

స్టాక్‌హోమ్ నుంచి మేలరెన్ సరస్సు మీదుగా బిర్కాకు వేసవిలో పడవలు నడుస్తాయి. దీవిలో దిగాక కనిపించేవి పచ్చిక, బండరాళ్లు, గడ్డి మొలిచిన దిబ్బలు. కోటలూ గోపురాలూ ఊహించుకుని వెళ్తే మాత్రం టికెట్ డబ్బులు దండగనిపిస్తుంది. కానీ ఆ దిబ్బలన్నీ వైకింగ్‌ల (వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా నావికుల) కాలపు సమాధులు. ఎనిమిదో శతాబ్దం నుంచి పదో శతాబ్దం దాకా ఇది పెద్ద వర్తక పట్టణం. 1871లో యాల్మార్ స్టోల్పే అనే శాస్త్రవేత్త అంబర్‌లో (శిలగా మారిన చెట్టు జిగురులో) చిక్కుకున్న పురుగుల కోసం ఇక్కడికి వచ్చి, చివరికి దాదాపు 1,100 సమాధులు తవ్వించాడు!

అక్కడ దొరికిన నగలు చూడాలంటే మళ్లీ స్టాక్‌హోమ్‌లోని హిస్టారిస్కా మ్యూజియానికే రావాలి. నేను అసలు వెళ్లింది కోడిగుడ్డు ఆకారపు కంచు బ్రోచ్‌ల కోసం, అంటే బట్టకు సూదితో గుచ్చుకునే నగల కోసం. అరచేతిలో పట్టేంత సైజు, పైన మెలికలు తిరిగిన జంతువులు. స్త్రీల సమాధుల్లో ఇవి ఎక్కువగా జంటగానే, భుజాల కింద చెరో పక్కన దొరుకుతాయి. నార చొక్కా మీద వేసుకునే చేతుల్లేని ఉన్ని గౌనుకు వెనక నుంచి వచ్చే పట్టీలను ముందు భాగంతో కలిపి పట్టి ఉంచేవి ఇవే. అంటే మన పిన్నీసు పనే, కాకపోతే ఊళ్లో అందరికీ కనిపించేలా. రెంటి మధ్య గాజుపూసలు, ఎర్రని కార్నీలియన్ పూసల వరసలు వేలాడేవి. చాకు, కత్తెర, సూదులపెట్టె కూడా కొందరు వీటికే తగిలించుకునేవారు. మగవాళ్లకు జంట అక్కర్లేదు. కత్తి పట్టే చెయ్యి ఖాళీగా ఉండేలా కుడి భుజం మీద ఒక్క బ్రోచ్‌తో దుప్పటి బిగించేవారు. గోట్‌లాండ్ దీవి ఆడవాళ్ల ఫ్యాషన్ మళ్లీ వేరు: జంతువు తల ఆకారంలో ఉన్నవి పెట్టుకునేవారు.

అద్దాల పెట్టెల ముందు అందరూ పైనున్న నగిషీనే ఫొటో తీసుకుంటున్నారు. నన్నడిగితే అసలు విషయం కింది వైపుంది. మట్టిలో బట్ట చివికిపోతుంది కానీ, కంచు తుప్పుపట్టినప్పుడు ఊరే రాగి లవణాలు సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి. అందుకే బ్రోచ్ కింద, సూది దగ్గర నార, ఉన్ని, పట్టు పీలికలు మిగిలాయి. ఆగ్నెస్ గైయర్ 1938లో బిర్కా బట్టల మీద పుస్తకం రాయగలిగింది చాలావరకు ఈ పీలికల వల్లే. వైకింగ్ ఆడవాళ్ల గౌను ఇలా ఉండేదని ఇవాళ గీసే బొమ్మలకు ముఖ్యమైన ఆధారం ఇలాంటి కాసిన్ని పోగులే. అందులోనూ వీపు వైపు ఎలా ఉండేదన్న దానిపై పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, అక్కడ బ్రోచ్ లేదు మరి.

922లో ఓల్గా నది ఒడ్డున రూస్ వర్తకుల్ని (తూర్పు దారుల్లో వ్యాపారం చేసిన వైకింగ్‌లని చాలామంది అనుకునేవాళ్లని) చూసిన అరబ్ రాయబారి ఇబ్న్ ఫద్లాన్, వాళ్ల ఆడవాళ్ల రొమ్ముల మీద ఇనుము, వెండి, రాగి, బంగారు పెట్టెలు ఉంటాయనీ, మగడి ఆస్తిని బట్టి లోహం మారుతుందనీ రాశాడు. అవి ఈ బ్రోచ్‌లే అయ్యుంటాయని చాలామంది పరిశోధకుల అంచనా.

బయటికొచ్చాక దగ్గర్లోని ఒక కొట్లో నకలు బ్రోచ్ నచ్చింది. జత ఇమ్మంటే ఒక్కొక్కటే అమ్ముతామన్నారు. ఒక్కదాంతో గౌను నిలవదు కదా, కొనకుండా వచ్చేశాను.