సొరుగు మళ్లీ పట్టేసింది

పొద్దున బీపీ మాత్రల చీటీ కోసం సొరుగు లాగితే రాలేదు. ఆషాఢం వచ్చిందంటే అంతే, ఎడమ పక్క మూల కరుచుకుపోతుంది. రెండు చేతులతో లాగాను, అడుగున తట్టాను, వేలెడంత వచ్చి ఆగిపోయింది. ఆ సందులోంచి వేప చెక్క వాసన మాత్రం వచ్చింది, ఇన్నేళ్లయినా ఆ చిరుచేదు పోలేదు. ఇక ఖాళీ అయిన మాత్రల అట్టే పట్టుకెళ్లి మందుల షాపులో చూపించి తెచ్చుకున్నాను.

పదకొండు గంటలకు మా ఆయన దగ్గర వడ్రంగం పని నేర్చుకున్న కుర్రాడు వచ్చాడు, బాత్రూమ్ తలుపు ఉబ్బి గెడ పడటం లేదని నేనే ఫోన్ చేశాను. ఆ పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ సొరుగు వైపు చూసి, "పిన్నీ, చిత్రికతో నాలుగు సార్లు తోస్తే చాలు, ఐదు నిమిషాల పని" అన్నాడు. వద్దన్నాను. ఎందుకని అడగలేదు, వాడికి తెలుసు. టీ తాగి వెళ్లిపోయాడు.

ఆయన చేసిన సామానుల్లో ఇలా పట్టేసేది ఇదొక్కటే. మిగతావన్నీ వానాకాలమైనా ఎండాకాలమైనా ఒక్కలాగే నడుస్తాయి. చెక్క పొడుగు పెరగదే, అడ్డానికి పెరుగుతుంది, ముసురు పడితే గాలిలో తడి తాగి ఉబ్బుతుంది, అందుకే పక్కన దానికి చోటు వదలాలి, అని ఎన్నిసార్లు చెప్పారో. విశాఖ సముద్రం పక్కన ఊరు కదా, ఇక్కడి గాలికి ఇంకొంచెం ఎక్కువే వదలాలనేవారు. పచ్చి చెక్క ముట్టుకోవడం ఆయన దృష్టిలో తప్పు. అంగుళం మందానికి ఏడాది ఆరాలి, అది ఆయన లెక్క. అలాంటి మనిషి పచ్చి చెక్కతో చేసిన సొరుగు ఇది.

హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబర్ 12న, ఆదివారం. మా పెరట్లో వేపచెట్టు, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉన్నది, మధ్యాహ్నం వేళ వేళ్లతో సహా ఒరిగిపోయింది. ఆ గాలి హోరులో చెట్టు పడిన చప్పుడు కూడా మాకు వినపడలేదు, కిటికీ సందులోంచి చూస్తే అక్కడ ఆకాశం కనిపించింది, అంతే. తర్వాత కరెంటు లేదు, నీళ్లు లేవు, ఊరంతా రోడ్ల మీద చెట్లే. నేను ఇంటి పైకప్పు గురించి ఏడవలేదు కానీ ఆ చెట్టు గురించి ఏడ్చాను. ఆయన ఏమీ అనలేదు. మూడో రోజు రంపం తీసుకుని ఇంకో మేస్త్రిని పిలుచుకొచ్చి మొద్దులు కోశారు, కోత మిల్లు తెరిచాక పలకలు చేయించారు, వెనక రేకుల కింద ఒకదాని మీద ఒకటి, మధ్యమధ్య సన్న పట్టీలు పెట్టి గాలి ఆడేలా పేర్చారు, కొసలకు పెయింట్ పూశారు. కొసల నుంచే తడి తొందరగా పోతుందట, అలా పోతే చెక్క చీలుతుందట. రెండేళ్లు ఆగాలే అన్నారు.

నేనే ఆగలేకపోయాను. రోజూ వెనక్కి వెళ్లి ఆ పలకలు చూసుకుంటూ ఉండేదాన్ని. ఐదు నెలలు నిండకుండానే, ఉగాదికి ముందు, ఒక పలక తీసి ఈ సొరుగు బల్ల చేశారు. వేప పొట్టు గొంతులోకి పోయి వారం రోజులు టీ కూడా చేదుగా ఉందనేవారు. ఇచ్చేటప్పుడే చెప్పారు, "ఇది మెలి తిరుగుతుందే, తర్వాత నన్ను అనకు." నిజంగానే ఆరాక ఒక మూల కాస్త మెలి తిరిగింది, ఇప్పుడు తేమకు ఉబ్బితే ఆ మూలే పట్టేస్తుంది. ఆయన ఉన్నప్పుడు ఏటా పట్టాల మీద కొవ్వొత్తి రుద్దేవారు, చిత్రిక మాత్రం పట్టలేదు.

ఆయన ఇంట్లో కూర్చునే మనిషి కాదు. పని లేని రోజు తెల్లవారకముందే కంబాలకొండ అడవి వైపు వెళ్లిపోయేవారు. హుద్‌హుద్ తర్వాత ఆ కొండలు మాడిపోయినట్టు ఆకు లేకుండా నిలబడ్డాయి, ఒకరోజు అక్కడికి వెళ్లి వచ్చి అన్నం తినలేదు. మళ్లీ చిగుళ్లు వచ్చాయని చెప్పడానికి మాత్రం నన్ను స్కూటర్ మీద తీసుకెళ్లి మరీ చూపించారు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ మీద నుంచి సముద్రం, అన్నీ ఆయన వెంటే చూశాను. అరకు వెళ్లేటప్పుడు అద్దాల బోగీ ఉంది కదా నాన్నా అని అబ్బాయి అంటే, గాలి తగలని ప్రయాణం నాకెందుకురా అని కిరండూల్ పాసింజర్‌లోనే కిటికీ పక్కన కూర్చునేవారు. సొరంగాలు దాటుతుంటే పిల్లలు కేకలు పెడతారు, ఈయన చెట్లు లెక్కపెడతారు. అది మద్ది, అది టేకు, అవి కాఫీకి నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్‌లు, వాటికి పాకించింది మిరియాల తీగ. నేను సగం వినేదాన్ని. మొత్తం విని ఉండాల్సింది.

ఒకసారి లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్లాం. అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క ఆనించి పట్టుకుంటారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఆయన ఒక ముసలాయన పక్కన గంటన్నర కూర్చున్నారు, తనూ వడ్రంగినేనని చెప్పుకోనే లేదు. వచ్చేటప్పుడు నాకు కుంకుమ భరిణె కొన్నారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో పడితే, తనకే వచ్చినట్టు వీధిలో అందరికీ చూపించారు. ఆ భరిణె ఇప్పుడు ఈ సొరుగులోనే ఉంది, ఆయన చెవి మీద పెట్టుకునే బల్లపరుపు పెన్సిల్ పక్కన.

మధ్యాహ్నం అబ్బాయి ఫోన్ చేశాడు. సొరుగు సంగతి చెప్తే కొత్తది కొందామమ్మా అన్నాడు, తర్వాత వాడే, వద్దులే అన్నాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రం మిగిలిన వేప పలకలతో చేసిన పొడుగు బల్ల కడిగాను. అది చక్కగా రెండేళ్లు ఆరాక చేసింది, ఇంతవరకు ఒక్క జాయింటు వదల్లేదు, ఒక్క మేకు లేదు. సింహాచలం గిరిప్రదక్షిణ కోసమే చేశారు. కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్ల నడక, కొండ కింద తొలి మెట్టు, అదే తొలిపావంచా, దాని దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన వాళ్లు హనుమంతవాక, అప్పూఘర్ దాటి మా వెంకోజీపాలెం చేరేసరికి కాళ్లు లాగేస్తుంటాయి. ఆయన నడవగలిగినన్నాళ్లు నడిచారు, మోకాళ్లు నొప్పి మొదలయ్యాక ఈ బల్ల చేసి రోడ్డు పక్కన వేశారు. కూర్చున్న వాళ్లకు మజ్జిగ నేనిస్తే, కాళ్ల కింద పెట్టుకోవడానికి పీట ఆయన జరిపేవారు. చిన్నపిల్లలను ఎత్తుకుని నడిచే తండ్రులు కనబడితే చేయి పట్టుకుని కూర్చోబెట్టేవారు. ఆయన పోయి మూడేళ్లు, ఈ మూడేళ్లూ బల్ల మాత్రం బయటికి వెళ్లింది.

ఈసారి ప్రదక్షిణ జరిగే చతుర్దశికి ఇంకా ఆరు రోజులు ఉంది. బల్ల ఎత్తడానికి ఇద్దరు కావాలి, కుర్రాడు ఆ రోజు మధ్యాహ్నమే వస్తానన్నాడు. పాలు రేపు చెప్పాలి, కిందటిసారి ఎనిమిది లీటర్లు తోడేస్తే రాత్రి పదింటికే మజ్జిగ అయిపోయింది. పీట కాలు ఒకటి కదులుతోంది, దాన్ని మాత్రం వాడి చేత బిగించాలి.