ఫైబర్ జింకకు పడ్డ పగులు: లోపలి నుంచి అతుకు

పెరట్లో నిలబెట్టిన ఫైబర్ జింక అది. మూడడుగుల ఎత్తు. ముందుకాలి భుజం దగ్గర మొదలైన పగులు కిందికి 22 సెంటీమీటర్లు దిగింది. అదే కాలి గిట్ట కూడా నిలువునా చీలింది. ఆ పగులుకు అంతకుముందు రెండుసార్లు లప్పం పెట్టించి రంగు వేయించాను. రెండుసార్లూ వానాకాలం తిరిగేసరికి అదే గీత మళ్లీ విచ్చుకుంది. లప్పంలో ఉండేది రెసిను (గట్టిపడే జిగురు ద్రవం), సుద్దపొడి మాత్రమే, నార ఉండదు. పగటి ఎండకు బొమ్మ సాగి రాత్రికి ముడుచుకుంటుంటే ఆ లాగుడంతా లప్పం మీదే పడుతుంది. గాజునార ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటి రెండింటినీ పట్టుకుంటేనే పగులు ఆగుతుంది. అందుకే ఈసారి పాత లప్పమంతా తవ్వేసి పని లోపలి నుంచి మొదలుపెట్టాను.

ముందు చూడాల్సింది పగులు ఎంత లోతుకు పోయిందన్నది. పైపొర జెల్‌కోట్‌లో మాత్రమే సాలెగూడులా సన్నగీతలు ఉంటే అరగదీసి రంగు వేస్తే చాలు. ఇక్కడ రెండు వేళ్లతో నొక్కితే ఒక అంచు లోపలికి దిగి రెండోది అలాగే నిలబడుతోంది. అంటే బొమ్మ గుల్ల ఈ వైపు నుంచి ఆ వైపుదాకా పగిలింది. రూపాయి బిళ్లతో పగులు చుట్టూ తట్టుకుంటూ వెళ్లాను. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, పొరలు విడిపోయినచోట మొద్దుగా, అట్టముక్క మీద కొట్టినట్టు వినిపిస్తుంది. ఆ మొద్దు శబ్దం వచ్చినంత మేరా పెన్సిలుతో గీత గీశాను. పగులు కంటికి వేలెడు వెడల్పే కనిపించినా విడిపోయిన భాగం అరచేయంత ఉంది. పగులు రెండు కొసల్లోనూ 3 మిల్లీమీటర్ల బెజ్జం వేశాను. కొస సూదిగా ఉన్నంతకాలం పగులు ముందుకు పాకుతూనే ఉంటుంది, గుండ్రటి బెజ్జం దగ్గర ఆగుతుంది.

బొమ్మ లోపల బోలు. చేయి పెట్టే దారి లేదు. పొట్ట అడుగున, నిలబడి చూస్తే కనిపించని చోట, 12 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పుతో కోడిగుడ్డు ఆకారంలో కిటికీ కోశాను. బ్లేడును నిటారుగా కాకుండా ఏటవాలుగా పట్టుకుని కోయాలి. అప్పుడు కోసిన ముక్క తర్వాత మూతలాగా తన చోట కూర్చుంటుంది, లోపలికి జారిపోదు. తెరవగానే అరలీటరు దాకా బురదనీళ్లు కారాయి. తడి ఉన్నచోట పాలియెస్టర్ రెసిను పట్టదు, తెల్లగా పొంగి ఊడొస్తుంది. బొమ్మను వెల్లకిలా పడుకోబెట్టి మూడు రోజులు మే నెల ఎండలో ఆరబెట్టాను. రాత్రిళ్లు లోపల వంద వాట్ల బల్బు వేలాడదీశాను, గోడకు ఎక్కడా తగలకుండా.

సామాను పెద్దగా ఏమీ లేదు. మామూలు పాలియెస్టర్ రెసిను ఒక కిలో, రెసిను గట్టిపడేలా చేసే కేటలిస్టు, ఆ పనిని వేగవంతం చేసే కోబాల్టు ద్రవం, 450 గ్రాముల మ్యాట్ (గాజునార పరుపు) ఒక మీటరు, 300 గ్రాముల మ్యాట్ అర మీటరు, అసిటోను, అంగుళం బ్రష్షులు నాలుగు, 5 మిల్లీలీటర్ల సిరంజీలు రెండు. మ్యాట్ పక్కన చెప్పే గ్రాములు చదరపు మీటరుకు ఉండే బరువు. కొన్ని దుకాణాల్లో కోబాల్టు ముందే కలిపిన రెసిను ఇస్తారు. అడిగి తెలుసుకోకుండా మళ్లీ కోబాల్టు పోస్తే చేతిలోనే గడ్డకడుతుంది. డబ్బా తెరిచి పుల్లతో ఎత్తినప్పుడు రెసిను తేనెలా జారాలి. ముదురు పాకంలా తీగలు సాగితే అది పాతబడిన సరుకు, తీసుకోకూడదు.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణానికి సంబంధించింది. కోబాల్టునూ కేటలిస్టునూ ఎప్పుడూ నేరుగా కలపకూడదు. మంట లేవవచ్చు, పేలవచ్చు. కోబాల్టు రెసినులో వేసి బాగా కలిపిన తర్వాతే కేటలిస్టు పోయాలి. నా సిరంజీలకు ఒకదానికి ఎర్ర టేపు, ఇంకోదానికి నీలం టేపు చుట్టాను, సీసాలను చెరో మూలన పెట్టాను. కేటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం. కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయను. పడితే పావుగంట ఆపకుండా నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెసిను ఆవిరికి గుడ్డ మాస్కు సరిపోదు, రసాయన ఆవిరులను ఆపే బొగ్గు క్యాట్రిడ్జి మాస్కు కావాలి.

లోపలి గోడను పగులు ఇరువైపులా ఆరేసి సెంటీమీటర్ల దాకా 40 నంబరు ఎమరీతో గరుకు చేశాను. నిగనిగలాడే మచ్చ ఒక్కటి మిగిలినా అక్కడ అతుకు లేచిపోతుంది. దుమ్ము దులిపి, అసిటోనుతో తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చాను. బయటి నుంచి పగులు అంచులు సమంగా కలిసేలా చూసి, లోపలికి రెసిను కారకుండా పైన వెడల్పు టేపు అంటించాను.

మ్యాట్‌ను మూడు పట్టీలుగా చింపాను: 26 × 6, 30 × 9, 34 × 12 సెంటీమీటర్లు. కత్తెరతో కోస్తే అంచు మెట్టులా నిలుస్తుంది. చేత్తో చింపితే అంచు నూగులా పలచబడి గోడలో కలిసిపోతుంది. మూడూ కలిపి తూకం 38 గ్రాములు. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెసిను పడుతుంది, అంటే 95 గ్రాములు. బ్రష్షు తాగేది కూడా కలుపుకుని 120 గ్రాములు తూచాను.

మొదటిసారి తప్పు ఇక్కడే జరిగింది. కోబాల్టు ఒక శాతం, కేటలిస్టు ఒకటిన్నర శాతం వేసి మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టాను. నీడలోనే నలభై డిగ్రీలు. అయిదు నిమిషాలకే గిన్నెలో రెసిను జున్నులా విరిగింది. రెండో పట్టీ సగం తడిసి సగం పొడిగా గోడకు అతుక్కుంది. గిన్నెలో మిగిలింది పట్టుకోలేనంత కాలిపోయి పొగలు వచ్చింది. అలాంటి దాన్ని చెత్తబుట్టలో వేస్తే నిప్పంటుకుంటుంది, బయట ఇసుకలో పెట్టాలి. సగం తడిసిన పట్టీని పీకి, మళ్లీ గరుకు చేయడానికి ఒక పూట పట్టింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి, బొమ్మ చల్లగా ఉన్నప్పుడు, 120 గ్రాముల రెసినుకు కోబాల్టు 1.2 గ్రాములు, కేటలిస్టు 1.2 గ్రాములు మాత్రమే వేశాను. పని చేసుకోవడానికి ఇరవై నిమిషాలు దొరికాయి. ఇంకా తీరిగ్గా పని చేసుకోవచ్చని కేటలిస్టును మరీ తగ్గించడం మంచిది కాదు. మరీ తక్కువైతే రెసిను ఎన్నాళ్లకూ పూర్తిగా గట్టిపడదు, గోరు దిగేలా ఉండిపోతుంది. ఎండాకాలంలో వేళ మార్చుకోవడమే సరైన మార్గం. రెసినును లోతు గిన్నెలో కాకుండా వెడల్పు పళ్లెంలో పోసుకున్నా కొన్ని నిమిషాలు కలిసొస్తాయి.

గోడకు ముందు రెసిను పూసి, చిన్న పట్టీతో మొదలుపెట్టి పెద్దదాకా ఒకదాని మీద ఒకటి వేశాను. బ్రష్షుతో సున్నం వేసినట్టు లాగకూడదు, నార పోగులు బ్రష్షుతో పాటు లేచి వస్తాయి. బ్రష్షును నిలువుగా పట్టి పొడవాలి. రెసిను తాగుతున్నకొద్దీ తెల్లటి మ్యాట్ గాజులా మారి కింది పెన్సిలు గీత కనిపిస్తుంది. తెల్లమచ్చ ఉందంటే అక్కడ గాలి చిక్కుకుంది, మధ్య నుంచి అంచుకు పొడుచుకుంటూ దాన్ని బయటికి పంపాలి. ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిను ఎందుకు వాడలేదంటే, మ్యాట్ పోగులను పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్ రెసినులోని స్టైరీను అనే ద్రవానికి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. అలా కరగకపోతే భుజం వంపులో మ్యాట్ బిరుసుగా లేచి నిలబడుతుంది. ఎపాక్సీ వాడితే నేసిన గాజుబట్ట తీసుకోవాలి.

గిట్ట సంగతి వేరు. కాలి మధ్యలో ఉన్న ఇనుపకడ్డీ తుప్పుపట్టి ఉబ్బి కాలిని చీల్చింది. ఇనుము తుప్పుగా మారితే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కోరుతుంది. చీలిన భాగాన్ని తెరిచి, మెరిసే ఇనుము తగిలేదాకా కడ్డీని కోసేశాను. పక్కనే 8 మిల్లీమీటర్ల, మరలున్న స్టెయిన్‌లెస్ కడ్డీని పది సెంటీమీటర్ల మేర ఆనించి, రెసినులో ముంచిన గాజుపోగుతో బిగించి చుట్టాను. ఇక్కడ వెల్డింగ్ పెడితే చుట్టూ ఉన్న రెసిను మాడి పట్టు వదిలేస్తుంది.

మర్నాడు బయటివైపు. పగులు పొడవునా ఇరువైపులా మూడేసి సెంటీమీటర్లు, మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతు వచ్చేలా పళ్లెంలా అరగదీశాను. అందులో 300 గ్రాముల మ్యాట్ రెండు పొరలు. ఇక్కడ మాత్రం పెద్ద పట్టీ ముందు వేశాను. తర్వాత అరగదీసేటప్పుడు పై పట్టీ కొంత పోయినా, పాత గుల్లను పట్టుకున్న పట్టీ చెక్కుచెదరదు. రెసిను పైతలం గాలి తగిలినంతసేపూ జిగటగానే ఉంటుంది, ఎమరీ కాగితం నిమిషంలో మూసుకుపోతుంది. పారదర్శక ప్లాస్టిక్ షీటును గాలి బుడగ లేకుండా పైన పరిస్తే ఆ బాధ ఉండదు. పొట్ట కిటికీ మూతను కూడా ఇదే పద్ధతిలో అతికించాను. ముందు కిటికీ అంచుకు లోపలివైపు మ్యాట్ పట్టీలు వేసి గట్టు కట్టాను, దాని మీద మూత కూర్చుంది.

ఒక రాత్రి గట్టిపడ్డాక లప్పం పెట్టాను. కార్లకు వాడే పాలియెస్టర్ లప్పం, అర మిల్లీమీటరుకు మించకుండా. గోడలకు పెట్టే తెల్లసిమెంటు లప్పం ఫైబర్ మీద రేకులుగా ఊడుతుంది. 80, 120, 220 నంబర్ల ఎమరీ పొడిగా, 400 నీళ్లతో. గాజుపొడి చేతులకు దిగితే రుద్దకుండా టేపు అంటించి పీకాలి, తర్వాత చన్నీళ్లతో కడగాలి.

రంగు వేయడానికి వారం ఆగాను. ఈలోగా రెసిను పూర్తిగా గట్టిపడి స్టైరీను వాసన పోతుంది. ముందే వేస్తే రంగు కింద బుడగలు లేస్తాయి. ప్రైమరు మీద రెండు పూతలు హార్డెనరు కలిపే పాలియురేథేన్ రంగు. ఎండలో నిలిచే బొమ్మకు మామూలు ఎనామెల్ త్వరగా వెలిసి సుద్దలా చేతికి అంటుతుంది. ఒంటి మీది తెల్లచుక్కలను రంగులో ముంచిన దూదిపుల్లతో అద్దాను, బ్రష్షు కంటే అంచు గుండ్రంగా వస్తుంది.

తిరిగి నిలబెట్టేటప్పుడు గిట్టలకూ సిమెంటు దిమ్మకూ మధ్య 5 మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు వేశాను. నట్లు చేత్తో బిగించి, ఆపైన స్పానరుతో పావు చుట్టు మాత్రమే తిప్పాను. లోపలికి దిగిన నీరు కారిపోయేలా పొట్టలో అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట 8 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, చీమలు చేరకుండా సన్న స్టీలు జాలీ అంటించాను. జూన్‌లో మొదటి పెద్దవాన వెలిసిన తర్వాత చూస్తే ఆ బెజ్జం కింద దిమ్మ మీద తడి చారిక ఉంది. చెవి మొదట్లో ఇంకో సన్నగీత నుంచి నీరు దిగుతోంది. ఎండ కాశాక తడతాను, అది జెల్‌కోట్ గీతో గుల్ల దాకా పోయిందో బిళ్ల చెబుతుంది.